గడప లోపలి మాట

మా నాన్న పరుపులు కుట్టేవాడు. ప్రకాశం జిల్లాలో పత్తి చేల మధ్య ఉన్న చిన్న ఊరు మాది. మేం దూదేకులవాళ్ళం. నమాజు చేస్తాం, రోజాలుంటాం, పండక్కి సేమ్యా వండి ఇరుగుపొరుగుకు పంచుతాం. పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా మాట్లాడేది మాత్రం తెలుగు. నాన్న దువా కూడా తెలుగులోనే అడిగేవాడు. అరబ్బీలో చదవాల్సింది చదివేసి, చేతులు ముఖానికి తుడుచుకునే ముందు, "అల్లా, ఈ ఏడు పత్తికి పురుగు పట్టకుండా చూడు తండ్రీ. రైతు బాగుంటేనే మా పొయ్యి వెలిగేది" అని గొణిగేవాడు. దేవుడికి తెలుగు రాదేమోనన్న అనుమానం ఆయనకెప్పుడూ కలగలేదు.

అమ్మకి బడి తెలియదు. కానీ ఒక్క మాట చాలిన చోట మూడు మాటలు వాడేది. కూరలో ఉప్పు తక్కువైతే, తక్కువైందని చెప్పి ఊరుకోదు. "ఉప్పు ఈ బజారున పోయింది గానీ మనింటి వైపు తిరగలేదు" అనేది. మా వీధిలో ఒకాయన మెల్లగా నడుస్తుంటే "ఆయన బయల్దేరితే నీడ ముందు చేరుద్ది, మనిషి తర్వాత వస్తాడు" అనేది. నోటికి నేను అమ్మ పోలికే. డిగ్రీ తెలుగులో చదివి, పక్క ఊళ్ళో ప్రైవేటు బడిలో కొన్నాళ్ళు పాఠాలు చెప్పాను. మిరప కోతలకు వచ్చే ఆడవాళ్ళు నన్ను చూస్తే "అదుగో, నోరొస్తోంది" అని నవ్వేవాళ్ళు. నాకది బిరుదులా ఉండేది.

నా భర్త నన్ను మా బంధువుల పెళ్ళిలో చూశాడు. గుంటూరు వాళ్ళు. ఆయనకి మంగళగిరిలో కంప్యూటర్ ఉద్యోగం. తండ్రి లేడు, తల్లి ఉంది. వాళ్ళింట్లో ఉర్దూ. మాలాంటి వాళ్ళని ఆ తల్లి అక్కచెల్లెళ్ళు తమతో సమానంగా చూడరని మాకు తెలుసు. అయినా పిల్లవాడు పట్టుబట్టాడు, తల్లి సరేనంది. మా అమ్మ మాత్రం పెళ్ళికి ముందు నన్నడిగింది.

"ఏమ్మే, వాళ్ళ మాట నీకు రాదుగా, ఎట్టా బతుకుతావు?"

"నేర్చుకుంటానమ్మా. నెల రోజుల పని" అన్నాను. నా నోటి మీద నాకంత నమ్మకం.

గుంటూరు కాపురానికి వచ్చింది మిరపకాయల రోజుల్లో. మిర్చి యార్డు వైపు నుంచి గాలి తిరిగితే ఇంట్లో అందరూ తుమ్మేవాళ్ళం. తుమ్ముకి భాష లేదు గనుక మొదటి రోజు నేను వాళ్ళతో కలిసింది అందులోనే. ఆ మధ్యాహ్నం అత్తగారి పెద్దక్కా, ఆమె కూతుళ్ళూ కొత్తకోడల్ని చూడటానికి వచ్చారు. నేను వంటగది గుమ్మంలో నిలబడి, "అత్తమ్మా, మంచినీళ్ళు ఇవ్వనా?" అన్నాను. వచ్చినవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "తెలుగు బహూ" అంది ఒకామె. తెలుగు కోడలు. అందరూ నవ్వారు. అత్తగారు నవ్వలేదు. ఆమె ముఖం ఎర్రబడింది.

వాళ్ళు వెళ్ళాక ఆమె నా భర్తని పిలిచి ఉర్దూలో ఏదో చాలాసేపు చెప్పింది. ఆయన నాకు తెలుగులో చెప్పాడు.

"ఇంట్లో ఉర్దూనే మాట్లాడమంటోంది. తెలుగు మాట్లాడుతూ పోతే నీకు ఎప్పటికీ రాదంట. మా పెద్దమ్మ వాళ్ళ ముందు నువ్వు నవ్వులపాలు కావడం తనకి ఇష్టం లేదంట."

అత్తగారు చెడ్డ మనిషి కాదు. నన్ను ఎవరి దగ్గరా చులకన చేయలేదు. నా కంచంలో ముందు వడ్డించి తర్వాత తను తినేది. తన అక్కచెల్లెళ్ళ నుంచి నన్ను కాపాడటానికి ఆమెకి తోచిన దారి అదొక్కటే. ఆ దారిలో నన్ను లోపల పెట్టి తలుపు మూస్తున్నానని ఆమెకి తెలియదు. నాకూ తెలియదు. మంచిదే కదా, త్వరగా వచ్చేస్తుంది అనుకున్నాను.

మాటలు వంటింటి వరసలో వచ్చాయి. నీళ్ళు, ఉప్పు, బియ్యం, కత్తి. తే, ఇవ్వు, అయిపోయింది, కాలింది. చెవికి తెలిసింది కొంత, నోటికి వచ్చింది అంతకంటే తక్కువ. ఒకరోజు గదిలోంచి పిలిస్తే, వస్తున్నానని చెప్పబోయి "ఆతా" అన్నాను. అది మగవాడు అనే మాట. నేను "ఆతీ" అనాలి. ఆ రోజు ఇంట్లో ఉన్న ఆడపడుచు వరస అమ్మాయి పడీపడీ నవ్వింది, ఇంట్లోకి ఇంకో మగాడు వచ్చాడని.

నవ్వితే నవ్వింది గానీ, ఆ విషయం నా మనసులోంచి పోలేదు. తెలుగులో "వస్తున్నా" అంటే చాలు. వచ్చేది ఆడో మగో ఆ మాట అడగదు. ఇక్కడ లేచినా, కూర్చున్నా, తిన్నా, మర్చిపోయినా, ప్రతిసారీ నేను ఆడదాన్నని చెప్పుకుంటూ చేయాలి. మా తెలుగేమీ తక్కువ తినలేదు, నా గురించి ఎవరైనా చెబితే "వచ్చింది" అంటారు, గేదె వచ్చినా అదే అంటారు. కానీ అది వాళ్ళు నా గురించి అనేది. నన్ను గురించి నేను అనుకునేటప్పుడు తెలుగు నన్ను వదిలేసేది. ఈ కొత్త మాటలో ఆ వదలడం లేదు. ఇరవై ఏళ్ళు పైబడి బతికిన దాన్ని, అప్పటిదాకా ఆ సంగతే గమనించలేదు.

అంతకంటే పెద్ద చిక్కు కాదనడం దగ్గర వచ్చింది. మా ఊళ్ళో ఒక మనిషిని కాదనడానికి ఎన్ని దారులు! "ఏమో మరి" అనొచ్చు. "అది కాదులే గానీ" అని మొదలుపెట్టి ఆయన చెప్పిన దానికి సరిగ్గా ఎదురు చెప్పొచ్చు. "చూద్దాంలే" అంటే వద్దనే. "మీరన్నది నిజమే, కాకపోతే" అంటే మీరన్నది నిజం కాదనే. ఆ మెత్తని మాటల మీద కూర్చుని మా అమ్మ ఊరి పెద్దల్ని కూడా కాదనేది, ఎవరికీ కోపం వచ్చేది కాదు. ఉర్దూలో నాకు తెలిసింది "నక్కో" ఒక్కటే. వద్దు. అది రాయిలాంటి మాట. అత్తగారి ముఖం మీద ఆ రాయి ఎలా వేస్తాను? అందుకని "హౌ" అనేదాన్ని. అవును. ఈ చీర బాగుందా అంటే హౌ. బడిలో ఉద్యోగం ఇప్పుడే ఎందుకు, పిల్లలు పుట్టాక చూద్దాం అంటే హౌ. రెండు మాటల్లో ఒకటి అనలేనిదైతే మిగిలింది ఒకటేగా.

ఆ ఏడాదిలో నాకు ఆ ఇంట్లో మంచి పేరు వచ్చింది. నోట్లో నాలుక లేని పిల్లట. అత్తగారి పెద్దక్క కూడా "నీ కోడలు భలే నెమ్మదస్తురాలు" అందట. ఆ మాట నా భర్త నాకు మెచ్చుకోలుగా చెప్పాడు. నాకు ఎవరో పరాయి ఆడమనిషి గురించి చెప్తున్నట్టు ఉంది.

ఆయనతోనైనా తెలుగులో మాట్లాడుకోలేదా అని అడుగుతారు. మాట్లాడుకునేవాళ్ళం, బండి మీద. ఇంట్లో ఉన్నంతసేపూ ఆయన నాలుక తల్లి భాషలోనే తిరిగేది, అది ఆయన తప్పు కాదు. గోడలు పల్చన, అత్తగారు పక్క గదిలో. బండి ఎక్కి వీధి మలుపు తిరిగితే ఆయన తెలుగులోకి వచ్చేవాడు. నేనూ వచ్చేదాన్ని. ఇంక ఆగేదాన్ని కాదు. దారిలో కనిపించిన ప్రతి మనిషి మీదా ఒక మాట, ప్రతి బోర్డు మీదా ఒక వెటకారం. ఒకసారి మంగళగిరి చీరల కొట్టు దగ్గర దిగి హెల్మెట్ తీస్తూ ఆయన నా వైపు వింతగా చూశాడు.

"బండి మీద నువ్వు వేరే మనిషివి. ఇంట్లో ఎందుకు అట్లా ఉండవు?"

"ఇంట్లో నాకు అంత మనిషికి సరిపడా మాటలు లేవు" అన్నాను. ఆయన జోక్ అనుకుని నవ్వాడు.

మాటలు నోటికి రాకపోయినా మనసులో ఉంటాయి కదా, ఆలోచన ఎక్కడికి పోతుంది అనుకునేదాన్ని. పోతుంది. ఒక మధ్యాహ్నం పెసరపప్పులో రాళ్ళు ఏరుతుంటే అత్తగారి పెద్దక్క కుర్చీలోంచి లేచే తీరు గుర్తొచ్చి నవ్వొచ్చింది. అమ్మ అయితే దానికొక పోలిక చెప్పేది. నాకూ ఒకటి వస్తోంది, నాలుక చివర ఉంది. "ఆమె లేస్తుంటే..." అని లోపల మొదలైంది. అక్కడే నిలబడిపోయింది. పోలిక చెప్పినా వినేవాళ్ళు లేరు, చెప్పేందుకు ఇక్కడి మాట లేదు. ఆ సంగతి నాకంటే ముందు నా బుర్రకి తెలిసిపోయినట్టుంది. అది ఆ వాక్యాన్ని పూర్తి చేయలేదు. తర్వాత తర్వాత మొదలుపెట్టడం కూడా మానేసింది. పప్పు ఏరితే పప్పు ఏరడమే, ఇంకేమీ లేదు. భయం వేసిందా అంటే, భయపడటానికి కూడా కొంత మాట్లాడుకోవాలి లోపల. అదీ లేదు.

అత్తగారు మధ్యాహ్నాలు కళ్ళజోడు పెట్టుకుని ఉర్దూ పుస్తకం చదివేది. ఎప్పుడో ఆమె తండ్రి ఇచ్చిన పాత కథల పుస్తకాలు, మళ్ళీ మళ్ళీ అవే. కొత్తవి కొనడానికి ఆమెకి తెలిసిన కొట్టు లేదు. నా భర్తకి ఉర్దూ మాట్లాడటం వచ్చు గానీ ఆ అక్షరాలు రావు, తెలుగు పేపరు చదువుతాడు. ఆమెకి తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. ఆమెకి తెలిసిన తెలుగంతా వీధి గుమ్మం దగ్గరిదే. కూరగాయలామెతో, పాలవాడితో మాట్లాడేది. "ఎంత? తగ్గించు. పుచ్చులొద్దు. చాలు. రేపు రా." అంతే. ఆ ఊళ్ళో పుట్టి, ఆ ఊళ్ళోనే అరవై ఏళ్ళకి దగ్గరైన మనిషి. నేనది వింటూ ఉండేదాన్ని గానీ దాని గురించి ఆలోచించలేదు.

మాకు పాప పుట్టింది. పుట్టినప్పుడే ఇంట్లో మాట అనుకున్నారు, పాపతో ఉర్దూలోనే మాట్లాడాలి, తల్లి కూడా. నేను హౌ అన్నాను. పాపని ముద్దు చేయడానికి నా దగ్గర ఉన్నవి వంటింటి మాటలు. తిను, తాగు, రా, పడుకో. మా అమ్మ నన్ను ఎత్తుకుని ఏమేం అనేదో, బుజ్జిముండ నుంచి బంగారు కొండ దాకా, అవన్నీ గొంతు దాకా వచ్చి ఆగేవి. జోకొట్టేటప్పుడు ఊఁ ఊఁ అని రాగం తీసేదాన్ని, లోపల మాట లేకుండా. పాప నిద్రపోయేది. పిల్లలకి రాగం చాలు.

పాపకి మూడేళ్ళప్పుడు మా అమ్మ వచ్చింది. సంచి నిండా వేరుశనక్కాయలు, ఒక చిన్న దిండు తెచ్చింది, నాన్న స్వయంగా దూది ఏకి కుట్టినది. పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుని మొదలుపెట్టింది.

"ఏమే నా చిట్టి మిరపకాయా, అమ్మమ్మని మర్చిపోయావా? నీ కోసం ఎంత దూరం వచ్చానో చూడవే. బస్సులో నిలబడీ నిలబడీ కాళ్ళు నా మాట వినటం లేదే."

పాప ఆమె నోటి వైపే చూసింది. తర్వాత నా వైపు తిరిగి, ఉర్దూలో చాలా మర్యాదగా అడిగింది, నానీ, అంటే అమ్మమ్మ, ఎందుకు కూరగాయలు అమ్మే ఆవిడలా మాట్లాడుతోంది అని.

పాప విన్న తెలుగంతా వీధి గుమ్మం దగ్గరిదే మరి. అడగటంలో తప్పేముంది.

"ఏమంటోందే?" అంది అమ్మ నవ్వుతూ.

"నీ మాట బాగుందంటోంది" అన్నాను.

అమ్మ పొంగిపోయి ఇంకా మాట్లాడింది. పాపకి కాసేపటికి విసుగొచ్చి దిగి వెళ్ళిపోయింది. సాయంత్రం అమ్మని బస్టాండులో ఎక్కించడానికి వెళ్ళాం. కిటికీ పక్కన కూర్చుని అమ్మ నా గడ్డం పట్టుకుంది.

"ఇంత సేపున్నాను. నువ్వు పట్టుమని పది మాటలాడలేదు. నీ నోరేమయిందే? ఎవురన్నా ఏమన్నా అంటున్నారా?"

"ఎవరూ ఏమీ అనరమ్మా. బాగా చూసుకుంటారు."

"మరి?"

బస్సు కదిలింది. కిటికీ పక్కనే నాలుగడుగులు నడిచి చేయి ఊపాను.

తర్వాత సంవత్సరం మిరప కోతల్లో నాన్న పోయాడు. పొద్దున టీ తాగి మంచం మీద వాలి, అలాగే. ఫోన్ రాగానే బయల్దేరాం, నేను, ఆయన, పాప, అత్తగారు. ఆమెని రమ్మని ఎవరూ అడగలేదు, తనే చెప్పులేసుకుని వచ్చి కారులో కూర్చుంది.

మేం వెళ్ళేసరికి ఇల్లంతా ఆడవాళ్ళు. మా వాళ్ళూ, వీధిలోని రైతుల ఇళ్ళవాళ్ళూ, చేలల్లోంచి అలాగే వచ్చేసిన కూలీ ఆడవాళ్ళూ. వాళ్ళ చేతుల నుంచి మిరపకాయ ఘాటు. మా ఊళ్ళో ఎవరు పోయినా మాట పెట్టి ఏడుస్తారు. పోయిన మనిషితో మాట్లాడుతూ ఏడవడం. మసీదుకు వచ్చే పెద్దాయన వద్దంటూనే ఉంటాడు, ఆడవాళ్ళు వినరు. పక్కింటి రైతు భార్య, నాన్న ఈడుది, ఆయన తల దగ్గర కూర్చుని రాగం తీస్తోంది.

"పరుపుల అన్నా, నీ చేతి పరుపు మీదే నా పిల్లలందరూ పండారే అన్నా. దూది బరువని మెల్లగా నడిచేవాడివే, ఇయ్యాల ఇంత తొందరగా ఎట్టా పోయావే అన్నా."

అమ్మ నన్ను చూసి చేయి చాచింది. నన్ను పక్కన కూలేసుకుని నా వీపు మీద కొట్టింది.

"నాన్నకి ఏమన్నా చెప్పవే. పోతున్నాడు. ఇంకాసేపటికి తీసకపోతారు. ఏమన్నా చెప్పవే తల్లీ."

నోరు తెరిచాను. ఆ మనిషితో చెప్పాల్సినవి ఎన్ని లేవు! ఏకిన దూది కుప్ప మీదకి నన్ను విసిరేసి, నేను మునిగిపోతే వెతికినట్టు నటించేవాడు. నా డిగ్రీ ఫలితాలు వచ్చిన రోజు నా పేరు పేపర్లో వేయలేదని కోపం తెచ్చుకున్నాడు. అవన్నీ బొమ్మల్లాగా కనిపిస్తున్నాయి, మాటగా మారటం లేదు. ఏ తీగ లాగినా రావటం లేదు. ఏడుపు వచ్చింది, మాట లేని ఏడుపు. పాపని జోకొట్టేటప్పటి ఊఁ ఊఁ లాంటిది.

"మాట పెట్టి ఏడువు" అంది అమ్మ.

"క్యా బోలూఁ" అన్నాను. ఏం చెప్పను.

అది ఎలా వచ్చిందో నాకు తెలియదు. అమ్మకి అర్థం కాలేదు. వెనక నుంచి ఒక ముసలామె, "పాపం, పిల్ల మన మాట మర్చిపోయింది" అంది. ఆమె జాలిగానే అంది. చచ్చిపోయిన నాన్న ముందు కంటే ఆ మాట ముందు నేను ఎక్కువ ముడుచుకుపోయాను.

అమ్మ నన్ను వదిలేసి నాన్న మీద పడి ఏడవసాగింది. అప్పుడు అత్తగారు, అంతసేపూ గోడవారగా నిలబడ్డ మనిషి, వచ్చి అమ్మ పక్కన కూర్చుంది. అమ్మ భుజం మీద చేయి వేసింది. ఓదార్చాలని ఆమె పెదవులు కదులుతున్నాయి. చివరికి తెలుగులో అంది.

"చాలు. చాలు అమ్మా. ఎంత ఏడుపు? తగ్గించు."

కొందరు ఆడవాళ్ళు తల తిప్పి చూశారు. ఇదేం మనిషి, ఏడుపుని కూడా బేరమాడుతోంది అన్నట్టు ఒకామె మూతి తిప్పింది. నాకు మాత్రం అర్థమైంది. ఆమె దగ్గర ఉన్న తెలుగంతా అదే. దుఃఖంలో ఉన్న మనిషికి ఇవ్వడానికి వెతుక్కుంటే, కూరగాయల గంపలోంచి దొరికిన మాటలు అవి. ఆమె కళ్ళ నిండా నీళ్ళున్నాయి. నేను ఆమె చేయి పట్టుకున్నాను. ఆ ఇంట్లో ఆ పూట మాట లేనివాళ్ళం మేమిద్దరమే.

గుంటూరు తిరిగి వచ్చాక నేను పాపతో తెలుగులో మాట్లాడటం మొదలుపెట్టాను. "ఇట్టా రావే, జడేస్తాను" అన్నాను మొదటిసారి. పాప వీధి గుమ్మం వైపు చూసింది, ఎవరొచ్చారోనని. రెండు రోజులు విన్నాక అత్తగారు ఉర్దూలో నెమ్మదిగానే చెప్పింది. రేపు బడిలో ఇంగ్లీషు, ఇంట్లో ఉర్దూ, మధ్యలో ఇదెందుకు, పిల్ల గందరగోళ పడుతుంది అని. నాకు చెప్పాల్సింది చాలా ఉంది. నా కూతురు నాకు చెందాలని, నేను చచ్చిపోతే నాతో రెండు మాటలైనా అనగలగాలని. దాన్ని ఉర్దూలో ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

"నక్కో" అన్నాను.

ఏది వద్దో కూడా చెప్పలేదు. అత్తగారు చేతిలోని పళ్ళెం కింద పెట్టి తన గదిలోకి వెళ్ళిపోయింది.

మర్నాడు బండి మీద ఆయన అడిగాడు. "అమ్మతో అట్లా అన్నావేంటి? ఎప్పుడూ లేనిది."

"కాదనడానికి మీ భాషలో నాకు అదొక్కటే వచ్చు."

"అడిగితే నేర్పేవాణ్ణిగా."

"కాదనడం నేర్పమని ఎవరన్నా అడుగుతారా?"

బ్రిడ్జి దాటాక ఆయన ఒకసారి అద్దంలో నన్ను చూశాడు.

అత్తగారు నాతో మాట్లాడటం తగ్గించింది. బయటికి వెళ్ళాల్సి వస్తే నన్ను తోడు రమ్మనేది కాదు. ఒక గురువారం పెదకాకాని దర్గాకి ఒక్కతే బయల్దేరింది. మధ్యాహ్నానికి ఫోన్ వచ్చింది. పొన్నూరులో ఉందట. బోర్డు చదవలేదు, ఎవరినీ అడగడానికి మొహమాటపడి, జనం ఎక్కుతున్న బస్సు ఎక్కేసింది. కండక్టర్ ఏదో అడిగితే చిల్లర చాపి, ఇచ్చిన టికెట్ పట్టుకుని కూర్చుంది. చుట్టూ వరి చేలు కనిపించేదాకా దారి తప్పినట్టు తెలియలేదట. ఆయన ఆఫీసులో ఉన్నాడు. పాపని పక్కింట్లో వదిలి నేను వెళ్ళాను.

బస్టాండు బెంచీ మీద కూర్చుని ఉంది, కొంగు తల మీదుగా లాక్కుని. నన్ను చూడగానే లేచింది. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. తర్వాత ఉర్దూలో అంది. అక్కడ అందరూ తలెత్తి బోర్డులు చూస్తున్నారు, చూసి వెళ్ళిపోతున్నారు, నేను కూడా వాళ్ళలాగే తలెత్తి చూశాను, నాకు గోడే కనిపించింది అని. పెళ్ళయిన దగ్గర్నుంచి మగవాళ్ళ వెనక నడిచాను గనుక తెలియలేదు అంది.

పొన్నూరు పొలిమేర కొట్లు వస్తుంటే ఒక బోర్డు చూపించి, ఏం రాసుంది అని అడిగింది. పురుగు మందులు, విత్తనాలు. విత్తనానికి ఉర్దూ మాట నాకు రాలేదు. చేతి వేళ్ళు కలిపి మట్టిలో వేసినట్టు చూపించాను. "బీజ్" అందామె. "విత్తనం" అన్నాను నేను. "విత్తనం" అని మెల్లగా అనుకుంది. ఇంకో బోర్డు. ఇంకోటి. గుంటూరు వచ్చేదాకా అలాగే కూర్చున్నాం. ఇంటికెళ్ళాక అక్షరాలు నేర్పనా అంటే, ఈ వయసులో ఎందుకులే అంది. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. పాపతో నేను తెలుగు మాట్లాడితే మాత్రం ఇక అడ్డు చెప్పలేదు.

అయితే ఏమైంది? నేను తెలుగులో అడిగితే పాప ఉర్దూలో జవాబిస్తుంది. కాలవకి ఈ ఒడ్డున ఒకరు, ఆ ఒడ్డున ఒకరు నిలబడి మాట్లాడుకున్నట్టు ఉంటుంది. వినబడుతుంది, అర్థమవుతుంది, దాటి రాదు. బడిలో వేశాక రెండూ వదిలి ఇంగ్లీషులో మొదలుపెట్టింది. మా అమ్మ ఫోన్ చేస్తే "హాయ్ నానీ" అని నాకు ఇచ్చేస్తుంది.

నాకు ఉద్యోగం దొరికింది, మా వీధికి దగ్గర్లోనే ఉన్న ఒక ఇంగ్లీషు మీడియం బడిలో. తెలుగు టీచర్ని. చేరిన రోజు పొంగిపోయాను, రోజంతా తెలుగే మాట్లాడొచ్చని. ఆ సంతోషం మొదటి గంట కొట్టేదాకా ఉంది. తెలుగు క్లాసులోనే తెలుగు. వరండాలో, భోజనాల దగ్గర, మెట్ల మీద పిల్లలూ టీచర్లూ ఇంగ్లీషే మాట్లాడాలి. తెలుగు మాట్లాడిన పిల్లల్ని కోఆర్డినేటర్ మేడం నిలబెడుతుంది. గంట అయిపోగానే నేనూ నోరు మార్చుకుంటాను. నా ఇంగ్లీషు కూడా వంటింటి ఉర్దూ లాంటిదే. కమ్, సిట్, రైట్, డోంట్ టాక్. ఆ బడిలో నాకు మంచి పేరే ఉంది, సౌమ్యంగా ఉంటానని.

మొన్న భోజనాల గంటలో నాలుగో తరగతి పాప ఒకతి కడుపు పట్టుకుని స్టాఫ్ రూం గుమ్మంలో నిలబడింది.

"మిస్, పెయిన్" అంది.

గదిలో ఇంకెవరూ లేరు. దగ్గరికి తీసుకుని, గొంతు తగ్గించి అడిగాను. "ఎట్టా ఉందమ్మా? మంటగా ఉందా? పోటు పొడుస్తోందా? మెలిపెడుతోందా?"

పాప నా ముఖంలోకి చూసింది. ఒక్కో మాటా విని, అందులో తన నొప్పి ఏదో వెతికినట్టు చూసింది. దొరకలేదు.

"ఐ డోంట్ నో మిస్. పెయిన్" అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

వరండాలో కోఆర్డినేటర్ మేడం చెప్పుల చప్పుడు వినబడింది. "కమ్, సిట్ హియర్" అన్నాను. పాపని కుర్చీలో కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, వాళ్ళమ్మకి ఫోన్ చేశాను.

"కడుపులో నొప్పంటోందండీ" అన్నాను.

"అయ్యో! ఎట్టాంటి నొప్పండీ?" అంది ఆమె.

"తెలియదండీ" అన్నాను. "వచ్చి తీసుకెళ్ళండి."